పక్కకి తిరగనివ్వని మిస్త్రీ

ఖరిదా బజారులో దిండు గలీబులు కొనడానికి వెళ్లాం, నేనూ మా ఆవిడా. కొట్టు నడిపే దీదీ గలీబుల కట్ట విప్పుతూ, నేను ఎడమ చేత్తో కుడి భుజం ఒత్తుకోవడం గమనించి, మంచి పరుపులు వచ్చాయి, చూస్తారా అంది. మా ఇంట్లో ఒకటుంది, దానికి పెద్ద చరిత్ర ఉంది అన్నాను. ఆవిడ వదల్లేదు. మీరు ఎలా పడుకుంటారు దాదా, వెల్లకిలానా, బోర్లానా, పక్కకా అని బెంగాలీలో అడిగింది.

మా ఆవిడ గలీబు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎనిమిది నెలల పాటు నా పక్కనీ, నా పక్కటెముకల్నీ, నా పక్కన పడుకునే మనిషినీ తన అజమాయిషీలో పెట్టుకున్న పక్కింటాయన ఒకడుండేవాడు. ఆయన ఈ ఒక్క ప్రశ్న ఏనాడూ అడగలేదు.

ఆయన పోయి ఏడాది దాటింది. పోయిన మనిషి గురించి ఇలా రాయొచ్చా అని మా ఆవిడ అడిగింది. బతికున్నప్పుడు అనే ధైర్యం లేకపోయింది కాబట్టి ఇప్పుడే రాయాలి అన్నాను. పేరు మాత్రం రాయను. సుభాష్‌పల్లిలో మా వీధివాళ్లంతా మిస్త్రీగారు అనే పిలిచేవారు, ఆ పిలుపులో ‘గారు’ తనకి తక్కువైందన్నట్టు ఆయన ప్రతిసారీ మొహం పెట్టేవాడు.

రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెలకి సీట్లూ బెర్తులూ కుట్టే విభాగంలో ముప్పై ఏళ్లకి పైగా పనిచేశాడు. అందులో తప్పులేదు. ఎవరో ఒకరు కుట్టాలి. కానీ బెర్తులు కుట్టినవాడికి మనిషి నిద్ర మీద పేటెంటు వచ్చేసిందని ఆయన నమ్మకం. “దేసం మొత్తం నా కుట్ల మీద తొంగున్నాది మాస్టారూ,” అనేవాడు. పడుకోవడాన్ని తొంగోవడం అనేది మా శ్రీకాకుళం వైపు మాట, మూడు తరాలుగా ఈ బెంగాలీల రైల్వే ఊళ్లో ఉన్నా మేం వదల్లేదు. దేశం మొత్తం ఆ కుట్ల మీద నిద్ర పట్టక, కిటికీలోంచి స్టేషన్ల పేర్లు చదువుకుంటూ తెల్లవారబెట్టిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తెలుగు బడిలో పాఠాలు చెప్పుకునే నాకు, ఎదిరించి మాట్లాడాల్సిన చోట వ్యాకరణం తప్పుతుందేమోనని భయం.

ఎవరింటికి వెళ్లినా కుర్చీలో కూర్చునేవాడు కాదు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి, పరుపు మీద బొటనవేలితో నొక్కి, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి, వేలు తీసి, ఆ గుంట పూడేదాకా చూసేవాడు. తొందరగా పూడితే ఊఁ అనేవాడు. నెమ్మదిగా పూడితే “హల్వా” అనేవాడు. ఆయన నిఘంటువులో పరుపులు రెండే రకాలు, తను కుట్టినవీ హల్వాలూ. తరవాత చెప్పులతోనే పరుపెక్కి వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ పక్కన కర్రల్లా పెట్టుకుని, కప్పుకేసి చూస్తూ తీర్పు చెప్పేవాడు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ల మంచాలు కూడా ఈ తనిఖీ తప్పించుకోలేదు.

ఆయన మంచం మీద మాత్రం ఎవరూ కూర్చోకూడదు. వెళ్లినవాళ్లకి స్టూలు. చిన్నపిల్లలు ఎక్కబోతే భార్యని కేకేసేవాడు. ఆ మంచం మీద మందంగా రెండు దుప్పట్లు, అంచులు బిగించి లోపలికి దోపి ఉండేవి. మధ్యాహ్నం భోజనం కాగానే వీధి తలుపు బార్లా తీసుకుని దాని మీద పట్టాలా తిన్నగా పడుకునేవాడు. మనిషి ఎలా పడుకోవాలో వీధికి నమూనా చూపిస్తున్నట్టుండేది.

ఇంకొన్ని వేషాలున్నాయి. నమస్కారం పెడితే ఆయన చేతులు ఛాతీ దాకా వచ్చేవి కావు, బొడ్డు దగ్గర కలుసుకుని విడిపోయేవి. పెద్దా చిన్నా అందరికీ అదే సగం నమస్కారం. తల దువ్వుకోవాలంటే చెయ్యి తల దగ్గరికి వెళ్లేది కాదు, తలే వంగి దువ్వెన దగ్గరికి వచ్చేది. చొక్కా తొడగడానికి భార్య వెనక నిలబడాలి, జమీందారుకి తొడిగినట్టు. ఈ దర్జా అంతా చూసి నాకు ఒళ్లు మండేది. రెండు చేతులు ఎత్తి దండం పెడితే ఈయన సొమ్మేం పోతుంది అనుకునేవాణ్ని.

ఇలాంటి మనిషి చేతికి నా భుజం దొరికింది.

కుడి భుజం. ఆ ఏటి దసరా పూజ సెలవుల తరవాత మొదలైంది నొప్పి. చెయ్యి ఛాతీ ఎత్తు దాకా బాగానే లేచేది, ఆ పైన ఎవరో గొళ్లెం పెట్టినట్టు ఆగిపోయేది. ఝపటాపూర్‌లో డాక్టరమ్మకి చూపించాను. రోజూ వేళ్లతో గోడ మీద పైకి పాకమంది. కుడివైపు పడుకోకండి అంది. ఎడమవైపు తిరిగితే నా గుండె చప్పుడు నాకే వినిపించి భయమేస్తుందండీ అన్నాను. ఆవిడ ఒకసారి నా వంక చూసి, అయితే భుజం కిందికి దిగేంత మెత్తగా, నడుం కుంగనంత గట్టిగా ఉండే పరుపు చూసుకోండి అంది. చాలా తేలికైన మాట. తేలికైన మాట వినడం మా ఊళ్లో అలవాటు లేదు.

మా పద్ధతి వేరు. ఇనప సామాన్ల కొట్టువాడు గొళ్లెం మంచిదంటే నమ్మం, వర్క్‌షాపు ఫిట్టరు తడిమి తల ఊపితే నమ్ముతాం. గుండె బాగానే ఉందని డాక్టరు అన్నా, బాయిలర్ దగ్గర పనిచేసిన మామయ్యని కూడా ఒకసారి చెవి పెట్టి వినమంటాం. పక్కింట్లో సాక్షాత్తూ బెర్తుల మిస్త్రీ ఉండగా నేను కొట్టుకి ఒక్కణ్ణే ఎలా వెళతాను? పిలవకుండానే వచ్చాడు.

వెళ్లింది ఖరిదాలోనే, ఈ గలీబుల దీదీది కాదు, ఇంకో కొట్టు. అడుగున గట్టి పొరా పైన మెత్తటి పొరా ఉన్న పరుపొకటి వేసి చూపించారు. కుడివైపుకి ఒత్తిగిలి పడుకున్నాను. భుజం నెమ్మదిగా లోపలికి దిగింది. మెడ సర్దుకుంది. మూడు నెలల తరవాత మొదటిసారి కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. అంతలో నా చెవి పక్కన బొటనవేలు దిగింది. ఒకటీ, రెండూ, మూడూ.

“లెగండి మాస్టారూ. హల్వాలో పడ్డ ఈగలాగున్నారు.”

డాక్టరమ్మ ఇలాంటిదే కొనమంది అన్నాను, ఈగ గొంతుతోనే.

“డాక్టరమ్మ ఎముకలు సూసింది. పరుపులు సూసిందేటి? పక్కకి తొంగునేవోడు సంటిపిల్లోడన్నా అవ్వాల, జబ్బు మనిసన్నా అవ్వాల. మీరు ఆ రెండూ కాదు. వెల్లకిలా తొంగోండి, బుజం దానంతటదే లైన్లోకి వొస్తాది.”

కొట్టు యజమాని, పెద్ద వయసు బెంగాలీ ఆయన, ఠీక్ హై దాదా, నచ్చిందే తీసుకోండి అన్నాడు నాతో. మిస్త్రీ ఆయనకి హిందీలో హల్వా సిద్ధాంతం మొదటినుంచీ వినిపించాడు. నేను పరుపు దిగి, ఆ పెద్దాయనకి క్షమాపణ చెప్పి బయటికి వచ్చాను. ఆ పూట ఆ పరుపు కొనకుండా నన్ను ఎవరూ పట్టుకోలేదు. కాళ్లు నావే, నడిచింది నేనే. ఈ వ్యాసంలో ఆయన్ని అన్నదాంట్లో సగం నాకూ చెందుతుంది. ఎక్కువ సగం ఏదన్నది మా ఆవిడ చెబుతుంది.

ఆయనే కుట్టించి పెట్టాడు పరుపు. నేను ‘కుట్టించి’ అన్నది కావాలనే. మా వరండాలో స్టూలు వేసుకుని కూర్చుని, రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు తెప్పించి, నీలం రెక్సిన్ తెప్పించి, కొలతలు పెట్టాడు. వంకర సూదితో రెండు రోజులు కుట్టింది ఆయన భార్య. ఆవిడ మాట్లాడకుండా కుడుతుంటే, ఈయన వేలు చూపిస్తూ “ఆ కుట్టు వదులు, ఇప్పు” అంటూ ఉండేవాడు. ముప్పై ఏళ్ల పనివాడు సూది ముట్టుకోడే అని ఆశ్చర్యపడి, ఇంటావిడ చేత చాకిరీ చేయించే రకం అని మనసులో ఇంకో చెడ్డ మార్కు వేశాను. ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. తీసుకుని ఉంటే తిట్టుకోవడానికి నాకు కాస్త హక్కుండేది.

మూడో రోజు పరుపు మంచం మీదికి ఎక్కింది. అది ఒక పరుపు కాదు, రెండు. మా డబుల్ కాట్ కొలత ఆయన తీసుకోనేలేదు. ఆయనకి చేతికొచ్చిన కొలత ఒకటే, బెర్తుది. ముప్పై ఏళ్లు కోసిన ఆ అట్ట నమూనా ఇంట్లో దాచుకున్నాడు. దాని ప్రకారమే రెండు కోయించి పక్కపక్కన వేస్తే, మధ్యలో జానెడు ఖాళీ మిగిలింది. మా ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని చూసి, “ఏటి మిస్త్రీగారూ, మా ఇద్దరి మద్దెనా ప్లాట్‌ఫారం కట్టినారు?” అంది.

“గాలాడతాదమ్మా,” అన్నాడాయన, పిసరంత సిగ్గు లేకుండా.

ఆ రాత్రినుంచీ మా దాంపత్యం రెండు బెర్తులైంది. రెక్సిన్ మీద దుప్పటి నిలవదు, దుప్పటి మీద మనిషి నిలవడు. చలికాలంలో చల్లగా కొరికేది, ఎండాకాలంలో వీపుకి అంటుకుని లేచేటప్పుడు చర్రున ఊడేది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడనట్టుండి, నిద్రలో నాకు తెలియకుండానే కుడిపక్కకి తిరిగేవాణ్ని. అప్పుడు భుజం పీచు మీద ఆనేది. మేకు మీద చొక్కా తగిలించినట్టు, ఒళ్లంతా ఆ ఒక్క ఎముక మీద వేలాడేది.

పది రోజులు ఆగండి అన్నాడు. ఆగాను. నెల ఆగండి అన్నాడు. అదీ ఆగాను. తరవాత ఆదివారాల తనిఖీ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనమై నేను నడుం వాల్చగానే వచ్చి, మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, గదిలోకి తొంగిచూసేవాడు. నేను పక్కకి తిరిగి ఉంటే వచ్చి భుజం పట్టుకుని, సరిగ్గా ఆ భుజమే పట్టుకుని, వెల్లకిలా తిప్పేవాడు.

“మళ్లీ పట్టాలు తప్పినారు మాస్టారూ. మీకు పాటం సెప్పడం వొచ్చుగానీ తొంగోడం రాదు.”

యాభై రెండేళ్లుగా ఏ శిక్షణా లేకుండా చేస్తూ వచ్చిన పని నాకు రాదని తెలిసింది. నొప్పికి నేను సణుగుతుంటే మా ఆవిడ హాల్లో చాప వేసుకుంది. అలా మా ఇంట్లో పరుపు వచ్చింది, పరువు పోయింది.

బడిలో సంగతి ఇంకా ఘోరం. చెయ్యి లేవక బోర్డు కింది సగంలోనే రాసేవాణ్ని. వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడి రాసుకునేవారు. పొట్టి పిల్లలకి అందాలని కింద రాస్తున్నానని బుకాయించాను. వేసవి సెలవుల తరవాత హెడ్‌మాస్టరు గదిలోకి పిలిచి, మర్యాదగానే చెప్పారు. పూజ సెలవులు అయ్యేదాకా చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే తరగతులు ఇంకొకరికి ఇచ్చి మిమ్మల్ని రిజిస్టర్ల పనిలో కూర్చోబెడతాను అన్నారు. పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకో పని రాదు. రాదన్న మాట అప్పటికే పడుకోవడం గురించి ఒకసారి పడి ఉన్నాను. ఇది రెండోది.

ఆ సాయంత్రం మా రెండిళ్ల మధ్య గోడ దగ్గర నిలబడి మిస్త్రీతో చెప్పాను. మీ పరుపు వల్లే అని అందామనే వెళ్లాను, తీరా నోరు తెరిస్తే హెడ్‌మాస్టరు మాట ఒక్కటే వచ్చింది. ఆయన నవ్వలేదు, హల్వా అనలేదు. కాసేపు తన కుడి చేతికేసి చూసుకున్నాడు.

“ఎవరికీ సెప్పకండి మాస్టారూ,” అన్నాడు గొంతు తగ్గించి. “బుజం పోయిందని ఎవరికీ సెప్పకండి. నొప్పి మొకం మీద కనపడనీకండి. కనపడితే అయిపోతాది.”

నిజంగా నాకు అసహ్యం వేసింది. తన పరుపు పరువు కోసం నన్ను నోరు మూసుకోమంటున్నాడు అనుకున్నాను. ఇంత చిన్న మనిషిని ఇన్నాళ్లూ పెద్దమనిషి అనుకున్నానే అనుకుంటూ లోపలికి వచ్చి, ఆ చిన్న మనిషి కుట్టించిన పరుపు మీదే పడుకున్నాను. ఇంకో పరుపు తెచ్చే ధైర్యం చెయ్యలేదు. తెస్తే ఆయన చూస్తాడు.

శ్రావణమాసంలో ఒకరోజు ఉదయం టీ బడ్డీ దగ్గర పోయాడు. ఎవరికో దిండు ఎత్తు ఎంత ఉండాలో చెబుతూ చెబుతూ బల్ల మీదికి ఒరిగిపోయాడట. ఒరిగింది పక్కకే అని విని, నా మనసులో మెదిలిన మాట ఇక్కడ రాయను.

మర్నాడు ఉదయం పోయిన మనిషి పక్కబట్టలు ఇంట్లోంచి తీసెయ్యాలి కదా. వాళ్లకి పిల్లలు లేరు. ఆయన భార్య తమ్ముడు విజయనగరం నుంచి వచ్చాడు. పరుపు బరువుగా ఉంది, ఓ చెయ్యి వెయ్యండి మాస్టారూ అని పిలిచాడు. ఓ చెయ్యి అంటే సరిగ్గా నా దగ్గర ఉన్నన్ని. వెళ్లాను. దుప్పట్లు రెండూ లాగేశాక అదే నీలం రెక్సిన్, అదే బెర్తు కొలత. ఎడమ చేయి మీద ఆనించుకుని ఎత్తబోతే, నా అరచెయ్యి ఒకచోట మణికట్టు దాకా దిగిపోయింది.

దింపి చూశాం. భుజం వచ్చే చోట తట్టంత మేర పీచు కోసేసి, బూరుగు దూది నింపి, పైన పాత నేత చీర ముక్క వేసి కుట్టేశారు. నడుం దగ్గర మళ్లీ గట్టి పీచు. భుజం దిగాలి, నడుం నిలవాలి. డాక్టరమ్మ చెప్పిన పరుపు, అక్షరం పొల్లుపోకుండా. చీర ముక్క అరిగి అరిగి మధ్యలో దారాలు తేలాయి. ఒక్కరోజులో అరిగిన అరుగుదల కాదు.

నేను అలా చూస్తూ ఉంటే వదినగారు, అంటే ఆయన భార్య, గుమ్మంలోకి వచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ నాతో పది మాటలు మాట్లాడి ఉండదు.

“పన్నెండేళ్లనించీ పక్కకే తొంగునీవోరు మాస్టారూ. మీకు సెప్పలేదేటి?”

చెప్పలేదమ్మా అన్నాను.

“ఎవలకీ సెప్పలేదు. రిటైరు అవడానికి రెండేళ్లుందనగా బుజం పోయినాది. సుత్తి ఎత్తనేకపోనారు. తెలిస్తే మెడికల్లో పనికిరాడని కొట్టేసి గేటుకాడ కుర్సీలో కూసోబెడతారని బయిం. బర్తులు కుట్టినోణ్ని గేటు కాస్తానా అని ఏడిసినారు. నా సేత ఒట్టేయించుకున్నారు.”

మరి ఇది కుట్టిందెవరు అన్నాను, అడగక్కర్లేకపోయినా.

“నానే. మద్దేనం పూట తలుపు తీసుకుని వెల్లకిలా తొంగుని, అందరూ పనులమీద పోయినాక తలుపేసుకుని పక్కకి తిరిగీవోరు.”

ఆ సగం నమస్కారం, వంగి వచ్చే తల, వెనక నిలబడి తొడిగే చొక్కా, వరండాలో ముట్టుకోని సూది, అన్నీ ఒకదాని వెనక ఒకటి నా కళ్ల ముందునించి బండి పెట్టెల్లా వెళ్లాయి. దర్జా అనుకున్నది నొప్పి. కానీ జాలి పడదామని చూస్తే జాలి రాలేదు, కోపం ఇంకో అంతస్తు లేచింది. ఉద్యోగంలో ఉన్న ఆ రెండేళ్లూ దాచాడంటే అర్థముంది. రిటైరయ్యాక ఆయన్ని అన్‌ఫిట్ చేసేదెవరు? నేనా? తన మంచంలో గుంట పెట్టుకుని నా మంచంలో బండ పెట్టాడు. ఆదివారం ఆదివారం వచ్చి, తనకి నొప్పి ఉన్న చోటే నాకూ నొప్పి ఉందని తెలిసి, ఆ భుజమే పట్టుకుని తిప్పాడు. గోడ దగ్గర ఆ సాయంత్రం ఒక్క మాట, పక్కన చిన్న గుంట కొట్టించుకోండి మాస్టారూ అని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు. పరుపులు నొక్కి చూసినంత సులువుగా మనిషిని నొక్కి చూడగలిగితే, ఆయన మీద పడిన నా వేలి గుంట ఇప్పటికీ పూడేది కాదు, ఆయన లెక్కలోనే హల్వా.

పరుపుని వరండాలో దింపాం. తమ్ముడు రిక్షా బండి కోసం వీధి చివరికి వెళ్లాడు. వదినగారు లోపలికి వెళ్లింది. నేనూ ఆ పరుపూ మిగిలాం. ఎంత దిగుతుందో కొలత చూద్దామనే అనుకున్నాను, ప్రమాణపూర్తిగా. చెప్పులు విడిచి, కుడివైపు ఒత్తిగిలి పడుకున్నాను. భుజం చీర ముక్కలోకి దిగి, చోటు చూసుకుని, ఆగింది.

తరవాత నాకు తెలిసింది మా ఆవిడ గొంతు. కళ్లు తెరిస్తే చుట్టూ పరామర్శకి వచ్చినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. రిక్షా బండి గుమ్మంలో ఆగి ఉంది. గంటన్నర నిద్రపోయానట. గురక కూడా పెట్టానట. లేపబోతే వదినగారే వద్దందట. ఆ ఇంట్లో ఏడవడానికి వచ్చినవాళ్లు నన్ను చూసి నవ్వు దాచుకుంటూ వెళ్లారని ఇప్పటికీ వీధిలో చెప్పుకుంటారు. మా ఆవిడ మైల అని మా గుమ్మంలోకి రానివ్వకుండా పెరట్లో కుళాయి కింద కూర్చోబెట్టి నెత్తిన నీళ్లు పోసింది. వరసగా మూడు చెంబులు గుమ్మరించింది. నాలుగో చెంబుకి అంది: “నిద్దర పట్టినాదా?” పట్టింది అన్నాను. ఇంకో చెంబు పోసింది.

పెద్దకర్మ అయిన వారానికి వదినగారే వచ్చింది, వంకర సూదీ కత్తీ బూరుగు దూదీ పట్టుకుని. నేల మీద పాత పేపర్లు పరిచి, “ఏ పక్కకి తొంగుంటారు మాస్టారూ?” అంది. జీవితంలో నన్ను ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. కుడిపక్కకి అని పడుకుని చూపించాను. సుద్దముక్కతో నా భుజం చుట్టూ గీత గీసింది. సుద్దముక్క అడిగితే నా జేబులోదే ఇచ్చాను. నీలం రెక్సిన్ కోసి పీచు తీస్తుంటే, ఆవిడ వేళ్లకి కొలతలు చెప్పేవాడు ఎవడూ లేడు. కుట్లు ఇదివరకటి కంటే దగ్గరగా పడ్డాయి. మా ఆవిడ, పన్లో పని, మధ్య ఖాళీ కూడా పూడ్చమంది. ప్లాట్‌ఫారం ఎత్తేశారు.

నిద్ర పట్టాక గోడ మీద వేళ్ల పాకుడు కూడా ఎక్కువైంది. పొద్దున్న ఎంత దూరం వెళ్లానో గోడ మీద సుద్దగీత పెట్టుకునేవాణ్ని. భాద్రపదంలో స్విచ్చిబోర్డు దాకా, తరవాత క్యాలెండరు మేకు దాకా. పూజ సెలవులు అయ్యాక బడి తెరిచిన రోజున, బోర్డు పై అంచుకి బెత్తెడు కిందగా తేదీ వేశాను. వెనక బెంచీలవాళ్లు లేవబోయి, అక్కర్లేదని తెలిసి కూర్చున్నారు. హెడ్‌మాస్టరు కిటికీ పక్కనించి వెళుతూ ఆగి, చూసి, వెళ్లిపోయారు. నేను చెయ్యి ఎత్తాను కాబట్టి ఆయన రిజిస్టర్ల మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం వదినగారికి ఈ సంగతి చెబుదామని పక్కింటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది, వదినగారు పెరట్లో ఉన్నట్టుంది. ముందుగదిలో ఆయన మంచం ఉండే చోట ఖాళీ. ఆ పైన గోడకి ఫోటో. రిటైరైన రోజున వర్క్‌షాపులో తీసినది. మెడలో దండ, చేతులు రెండూ పక్కన కర్రల్లా, మనిషి పట్టాలా తిన్నగా. అప్పటికే ఆ భుజం పోయి రెండేళ్లు. మొహంలో నొప్పి జాడ లేదు. ఎంత వెతికినా లేదు.

ఆయన ఎదురుగా నిలబడి, రెండు చేతులూ జోడించి, ఛాతీ దాటించి, మొహం దాటించి, నెత్తి మీది దాకా ఎత్తి దండం పెట్టాను. అది గౌరవం కాదు. ఆయన పన్నెండేళ్లు ఎవరికీ పెట్టలేని నమస్కారం ఎలా ఉంటుందో ఆయనకి చూపించాను.

చేతులు పైకి వెళ్లాక కుడి భుజంలో కలుక్కుమంది. మొహం మీద కనపడనివ్వలేదు.